పొలం అదే, గట్లే పెరిగాయి

వేసవి మధ్యాహ్నం కువైట్‌లోని మహబూలా తీరాన నిలబడి, దూరాన ఆగిన ఓడను పెద్ద జూమ్ లెన్సుతో తీస్తే దాని అంచులు వణుకుతూ పడతాయి. వేడెక్కిన గాలిపొరలు కాంతిని అటూ ఇటూ వంచేస్తాయి మరి. 20 మెగాపిక్సెళ్ల కెమెరా పట్టిన ఆ వణుకునే 40 మెగాపిక్సెళ్లది ఇంకా ఎక్కువ పిక్సెళ్లలో చూపిస్తుంది, అంతే. అయినా కువైట్ నుంచి సెలవుకు బయల్దేరే అన్నకో బాబాయికో రాయచోటి, రాజంపేటల నుంచి వచ్చే కోరిక ఒకటే: "ఎక్కువ మెగాపిక్సెళ్లున్న కెమెరా పట్రా!"

అలా తెప్పించుకునే కెమెరాల్లో చాలావాటిలో ఉండేది ఏపీఎస్-సి సెన్సర్. ఆ పేరు 1996లో వచ్చిన అడ్వాన్స్‌డ్ ఫోటో సిస్టమ్ ఫిల్ముది. ఫిల్ము పోయింది, పేరు మిగిలింది. 2000లో కెనాన్ డి30 ఈ కొలత సెన్సర్ మీద 31 లక్షల పిక్సెళ్లు పేర్చింది. 2022లో ఫ్యూజీఫిల్మ్ ఎక్స్-హెచ్2 వచ్చేసరికి అవి 4 కోట్లయ్యాయి. సెన్సర్ మాత్రం ఇంచుమించు అంతే, 23.5×15.6 మిల్లీమీటర్లు. తగ్గింది పిక్సెల్ వెడల్పు: 10 మైక్రాన్ల నుంచి 3 మైక్రాన్లకు.

పొలాన్ని ఎన్ని మళ్లు చేసినా దాని మీద కురిసే వాన పెరగదు. సెన్సర్ మీద పడే కాంతీ అంతే. తొలినాళ్లలో పిక్సెళ్ల మధ్య వైర్లు, ట్రాన్సిస్టర్లు గట్లలా చోటు తినేవి. ప్రతి పిక్సెల్ మీదా సన్నటి లెన్సు కూర్చోబెట్టి ఇంజినీర్లు ఆ నష్టాన్ని చాలావరకు పూడ్చారు. అందుకే ఒకే సైజులో అచ్చు వేస్తే నేటి 24, 40 మెగాపిక్సెళ్ల ఫోటోల్లో మసక వెలుతురులో పడే మచ్చలు దాదాపు సమానంగానే ఉంటాయి.

నికాన్ ఈ పరుగులో ఒకసారి వెనక్కి నడిచింది, అది ధైర్యమే. 2015లో డి7200కి 24 మెగాపిక్సెళ్లు ఇచ్చిన సంస్థ, మరుసటి ఏడాది అంతకన్నా ఖరీదైన డి500కి 20.9 చాలంది, బదులుగా సెకనుకు 10 ఫోటోల వేగం ఇచ్చింది. ఆ 20.9 తక్కువేం కాదు: మన పెళ్లి ఆల్బంలో 12×18 అంగుళాల పేజీకి అంగుళానికి 300 చుక్కల చొప్పున కావలసింది 19.4 మెగాపిక్సెళ్లే!

ఎక్కువ పిక్సెళ్లు వృథా అని కాదు. చలికాలం కువైట్ తీరాలకు వచ్చే ఫ్లెమింగోను దూరం నుంచి తీసి, చుట్టూ కత్తిరించి పక్షినే మిగుల్చుకోవాలంటే అవి అక్కరకొస్తాయి. కానీ 20 నుంచి 40కి వెళ్తే అడ్డంగా పెరిగే వివరం 1.4 రెట్లే, అదీ లెన్సు అందిస్తేనే. లెన్సు రంధ్రాన్ని ఎఫ్/16కి బిగిస్తే కాంతి చుక్క 21 మైక్రాన్ల మేర పరుచుకుని, అడ్డంగా 3 మైక్రాన్ల పిక్సెళ్లు ఏడింటిని కమ్మేస్తుంది. ఎఫ్/5.6 దగ్గర అది ఏడున్నర మైక్రాన్లే. తెల్లవారుజామున, గాలి వేడెక్కకముందు, ఆ ఎఫ్/5.6తోనే మహబూలా ఒడ్డు నుంచి తీస్తే అదే ఓడ తాళ్లు కూడా విడివిడిగా కనిపిస్తాయి.