వృత్తశరము - బీజగణితోపపత్తి

కమ్మనాటి పావులూరికిఁ జెందిన మల్లన, మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెనిఁగించెను. ఆ మూలగ్రంథమునందు వలెనే భాస్కరాచార్యుని లీలావతి (1150) యందును వృత్తక్షేత్రవిచారము కలదు. వ్యాసము 10, జ్యా 6 అయిన వృత్తమున శరమెంత యనునది లీలావతిలోని ప్రశ్న.

అందలి సూత్రము ననుసరించి జ్యావ్యాసముల మొత్తము 16, అంతరము 4; వాని ఘాతము 64, మూలము 8. దానిని వ్యాసమునుండి తీసివేసి సగము చేయఁగా శరము 1. ఇంతటితో విద్యార్థి తృప్తిపడును. కాని కారణము తెలియదు.

జ్యార్ధవర్గము రెండు శరముల ఘాతమునకు సమమని ఆర్యభటీయము (499) చెప్పుచున్నది. కావున అవ్యక్తశరమును 'యా' అనుకొనిన, రెండవ శరము 10 − యా.

యా × (10 − యా) = 9
(యా − 5)² = 16

కావున యా విలువ 1 లేక 9.

వర్గసమీకరణమునకు మానములు రెండు కలుగవచ్చుననియు, అనుపపన్నమైనదానిని విడువవలెననియు బీజగణితమున భాస్కరుని మతము. ఇచ్చట రెండును ఉపపన్నములే. 1 చిన్న చాపమునకు, 9 పెద్ద చాపమునకు శరములు. 5 వ్యాసార్ధము, 4 కేంద్రమునుండి జ్యాకుఁ గల దూరము, జ్యార్ధము 3తోఁ గూడి ఇవి జాత్యత్ర్యస్రమగును. సూత్రము ఒక్క ఫలమునే యిచ్చినది. ఉపపత్తి క్షేత్రమునంతను చూపినది. కనుక సూత్రపాఠముతోపాటు ఉపపత్తిని బోధించుట అధ్యాపకులకు విధి.