గాయము మానుటకు గడువు కావలెను

శస్త్రచికిత్స ముగిసినంతనే రోగి స్వస్థుడైనట్లు మనము భావింతుము. కాని వైద్యుని కత్తి చేయు పని కొన్ని గంటలలో తీరును. శరీరము చేయవలసిన పని అప్పుడే ఆరంభమగును. ఆ పనికి విశ్రాంతి, పథ్యము, పరిశుభ్రత, కనిపెట్టి యుండు మనుష్యులు, వీనితోపాటు భయము లేని యిల్లు కావలెను. పుట్టినపుడు వ్రాయబడిన లింగము తమది కాదని యెఱిగి, దేహమును తమ స్వభావమునకు అనుగుణముగ దిద్దుకొను శస్త్రచికిత్స పొందినవారికి ఈ చివరిదే తఱచుగ కొఱవడుచున్నది. ప్రభుత్వమే ప్రతికూలమైన దినములలో వారు కోలుకొనుట యెట్లు? దీనికి చరిత్రలో ఒక నిదర్శనము కలదు.

1919 జూలైలో మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్ అను వైద్యుడు బెర్లిన్ నగరమున లైంగిక విజ్ఞాన సంస్థను స్థాపించెను. ఈయన 1931లో ప్రపంచయాత్ర చేయుచు మన దేశమునకును వచ్చెను. ఆ సంస్థలో డోరా రిక్టర్ అను స్త్రీ ఇంటిపనులు చేయుచుండెను. ఆమె 1892లో బొహీమియా పర్వతప్రాంతమున ఒక పేదయింట పుట్టి, మగబిడ్డగ నమోదైనది. ఇట్టివారికి బయట కొలువు దొరకుట దుర్లభము గనుక సంస్థయే పని యిచ్చి ఆదుకొనుచుండెను. 1922లో ఆమెకు వృషణములు తొలగించిరి. 1931లో లెవీ-లెంజ్, గోర్‌బాంట్ అను వైద్యులు తక్కిన చికిత్సలు జరిపి యోనిని నిర్మించిరి. ఇట్టి పూర్తి చికిత్స పొందినట్లు తెలియవచ్చిన మొదటివారిలో ఆమె యొకతె.

ఆ రోజులలో ఇది ఎంత సాహసమో ఊహింపుడు. పెన్సిలిన్ 1928లోనే కనుగొనబడినను మందుగ ఆసుపత్రులకు చేరలేదు. సల్ఫా మందులును రాలేదు. గాయము చీము పట్టినచో రోగి దేహబలమే శరణ్యము. అదే 1931 సెప్టెంబరులో డెన్మార్కు దేశపు చిత్రకారిణి లిలీ ఎల్బే డ్రెస్‌డెన్ నగరమున శస్త్రచికిత్స పిమ్మట కోలుకొనలేక మరణించినది.

నేడు వైద్యము చాల ముందంజ వేసినది. అయినను మానుటకు పట్టు కాలమును ఎవరును తప్పింపజాలరు. యోని నిర్మాణము జరిగినవారిని సామాన్యముగ కొన్ని దినములు ఆసుపత్రిలో ఉంతురు. లోపల కూర్చిన గుడ్డకట్టును, మూత్రపు గొట్టమును దాదాపు వారమునకు తీసివేయుదురు. కాళ్లలో రక్తము గడ్డకట్టకుండుటకై వీలైనంత త్వరలో నడిపింతురు. ఇంటికి వచ్చిన పిదప డైలేటర్ అను నున్నని సాధనమును వైద్యుడు చెప్పినట్లు మొదట దినమునకు పలుమార్లు, నెలలు గడచినకొలది తక్కువగను వాడవలెను. మానినచో కొత్త మార్గము ముడుచుకొని పోవును. దాదాపు ఆఱు వారములు బరువులెత్తరాదు. వాపు పూర్తిగ తగ్గుటకు నెలలు పట్టును. బీజకోశములు తొలగింపబడినవారు హార్మోను మందులను వైద్యుని సలహా లేక విడిచినచో ఎముకలు గుల్లబారును. జ్వరము, ఆగని రక్తస్రావము, మూత్రము రాకుండుట, పిక్క వాచి నొచ్చుట, ఆయాసము వీనిలో ఏది కనబడినను వెంటనే ఆసుపత్రికి పోవలెను. తొలి వారములలో కారణము తోచని దిగులు కలుగుట పెద్ద శస్త్రచికిత్సలన్నిటి పిమ్మటను సహజమే. దానిని చూచి పశ్చాత్తాపమని తొందరపడి నిర్ణయింపరాదు.

పై నియమములలో ప్రతిదానికిని శాంతి అవసరమని శ్రోతలు గ్రహించియే యుందురు. సాధనము వాడుటకు తలుపు వేసికొను గది కావలెను. మందులు ఎడతెగక దొరకవలెను. ఆసుపత్రి గుమాస్తా కాగితము చూచి నవ్వునేమో యను జంకు లేకుండవలెను. భయము మనస్సుతోనే ఆగదు. 1995లో అమెరికాలో కొందఱు పరిశోధకులు మతిభ్రమించిన బంధువులకు దీర్ఘకాలము సేవచేయు స్త్రీలకును, అట్టి భారము లేని స్త్రీలకును చర్మముపై ఒకే కొలత గాయము చేసి చూచిరి. మొదటివారి గాయము మానుటకు సుమారు తొమ్మిది దినములు ఎక్కువ పట్టినది. ఎడతెగని ఆందోళన చర్మమునకును తెలియునన్నమాట.

డోరా చికిత్స ముగిసి రెండేండ్లు నిండెనో లేదో, 1933 మే 6న నాజీ విద్యార్థులు సంస్థపై బడి దోచిరి. మే 10న అందలి గ్రంథములను నడివీథిలో తగులబెట్టిరి. విదేశమున నున్న హిర్ష్‌ఫెల్డ్ తిరిగి రాలేక 1935లో ఫ్రాన్సులో కన్నుమూసెను. లెవీ-లెంజ్ దేశము విడిచెను. గోర్‌బాంట్ తరువాత నాజీల వాయుసేన వైద్యవిభాగమున చేరెను. ఆమె దేహమునెఱిగిన వైద్యులు ఇట్లు చెదరిపోయిరి. డోరా ఆ అల్లరిలోనే మరణించెనని చాలకాలము నమ్మిరి. ఇటీవల పరిశోధకులు పాత దస్తావేజులు వెదకగ నిజము బయటపడినది. ఆమె చెకొస్లోవేకియాలో 1934లో తన పేరును చట్టప్రకారము పొందినది. 1966లో, 74వ యేట, జర్మనీలోని ఒక చిన్న ఊర మరణించినది.

ఇది పరాయి కథ కాదు. బెర్లిన్‌లో సంస్థ వెలసిన 1919లోనే నైజాం రాజ్యమున హిజ్రాలను పట్టికలో చేర్చి, స్త్రీవేషమున కనబడినచో వారంటు లేకయే పట్టుకొనుటకు చట్టమేర్పడినది. తెలంగాణ హైకోర్టు దానిని కొట్టివేయుట 2023లో జరిగినది. 2025 జనవరిలో అమెరికా అధ్యక్షుడు కేంద్రప్రభుత్వ పత్రములలో పుట్టినప్పటి లింగమునే వ్రాయవలెనని ఉత్తర్వు చేసెను. గాలి ఎప్పుడెటు మళ్లునో చెప్పలేము.

కావున ఇంటివారు చేయదగినవి కొన్ని కలవు. శస్త్రచికిత్స వివరములు, మందుల చీటీలు రెండేసి ప్రతులు తీయించి వేర్వేఱు చోట్ల దాచవలెను. పెద్దాసుపత్రి దూరమైనచో, సమీపమున నమ్మదగిన వైద్యునొకని ముందే మాటాడి యుంచుకొనవలెను. మొదటి రాత్రులలో ఒకరు దగ్గఱ పండుకొనవలెను. చూడవచ్చువారిలో సూటిపోటి మాటలవారిని వాకిటనే మర్యాదగ సాగనంపవలెను. వార్తలు సైతము రోజున కొకమారు విని రేడియో కట్టివేయుట మేలు. అన్నిటికంటె ముఖ్యము, ఆమె కోరిన పేరుతో ఆమెను భోజనమునకు పిలువవలెను. బాలింతకు మనము చేయు ఉపచారమే ఇది. కొత్తగ నేర్వవలసినది కొంచెమే.