కెల్లర్‌లోని కరెంటు మీటరుని చదవటం ఎలా?

జర్మనీలో కరెంటు బిల్లు సాధారణంగా నెలనెలా వాడకాన్ని బట్టి రాదు. కంపెనీ ఒక అంచనా వేసి, అప్‌ష్లాగ్ పేరుతో నెలకింత అని తీసుకుంటుంది. ఏడాది చివర లెక్క తేల్చి, ఎక్కువ కాల్చి ఉంటే మిగతాది ఒక్కసారే కట్టమంటుంది. ఆ ఉత్తరం వచ్చేదాకా ఆగకుండా ఎప్పటికప్పుడు తెలుసుకోవాలంటే రోజూ కెల్లర్‌లోకి దిగి మీటరు చూడాలి. లేదా ఆ పని ఒక లైట్ సెన్సరుకి, చిన్న మైక్రోకంట్రోలరుకి అప్పజెప్పాలి.

2016లో వచ్చిన చట్టం ప్రకారం పాత చక్రం మీటర్ల స్థానంలో 2032లోగా డిజిటల్ మీటర్లు రావాలి. వీటి ముందు భాగంలో ఒక ఇన్‌ఫ్రారెడ్ ఎల్.ఇ.డి. ఉంటుంది. దాన్ని వెలిగిస్తూ ఆర్పుతూ మీటరు తన రీడింగుని కొన్ని సెకన్లకోసారి పంపుతూనే ఉంటుంది. కాబట్టి సీలు తీయనక్కర్లేదు (తీయకూడదు కూడా!).

కాలేజీ ప్రాజెక్టుల్లో మనందరం చూసిన ఎల్.డి.ఆర్. ఇక్కడ పనికిరాదు. డేటా సాధారణంగా 9600 బాడ్‌లో వస్తుంది, అంటే ఒక్కో బిట్‌కి సుమారు 104 మైక్రోసెకన్లు. ఎల్.డి.ఆర్. వెలుతురు మార్పుని గుర్తించటానికే పదుల మిల్లీసెకన్లు తీసుకుంటుంది. ఆలోగా వందల బిట్లు దాటిపోతాయి. అందుకని ఫోటోట్రాన్సిస్టరు వాడాలి. పగటి వెలుతురుని అడ్డుకునే నల్లటి తొడుగున్న ఓస్రామ్ ఎస్.ఎఫ్.హెచ్. 309 ఎఫ్.ఎ. లాంటిదైతే మంచిది.

ఇ.ఎస్.పి.32 బోర్డుకి కనెక్షను చాలా తేలిక. ఎమిటరుని గ్రౌండుకి, కలెక్టరుని సీరియల్ ఆర్.ఎక్స్. పిన్నుకి కలపండి. అదే పిన్ను నుంచి 3.3 వోల్టులకి ఒక 10 కిలోఓమ్ రెసిస్టరు పెట్టండి. వెలుగు పడితే ట్రాన్సిస్టరు కండక్ట్ చేసి పిన్ను సున్నాకి దిగుతుంది, చీకట్లో పైకి లేస్తుంది. మీటరు భాషలోనూ వెలుగంటే 0, చీకటంటే 1. అంటే సిగ్నలుని తిరగేసే పని కూడా లేదు. సెన్సరుని ఒక గుండ్రటి అయస్కాంతం మధ్యలో అమరిస్తే మీటరు మీద అతుక్కుంటుంది.

అసలు చిక్కు పిన్ నంబరుతో వస్తుంది. అది లేకపోతే చాలా మీటర్లు పూర్తి కిలోవాట్ అవర్లే పంపుతాయి, ఈ క్షణపు వాట్లు చెప్పవు. కెల్లర్ అందరిదీ కదా, పక్కింటివారు మన వాడకం చూడకూడదని ఈ ఏర్పాటు. నాలుగంకెల పిన్‌ని మీటరు నడిపే సంస్థని అడిగి తీసుకోవాలి. దాన్ని ఎక్కించేది టార్చిలైటుతో! అంకె 3 అయితే మూడుసార్లు వెలిగించి, తర్వాతి అంకెకి కాసేపు ఆగాలి. తర్వాత మెనూలో పూర్తి డేటాకి "ఇన్ఫ్" అన్నదాన్ని ఆన్ చేయాలి.

వచ్చే బైట్లు ఎస్.ఎం.ఎల్. అనే ఫార్మాట్‌లో ఉంటాయి. డీకోడరు మనం రాసుకోనక్కర్లేదు, టాస్మోటా, ఇ.ఎస్.పి.హోమ్ రెండింటిలోనూ ఉంది. 1.8.0 అన్న కోడ్ మొత్తం వాడకం, 16.7.0 ఈ క్షణపు వాట్లు. కరెంటుతో నీళ్ళు కాచే డుర్ష్‌లౌఫర్‌హిట్సర్ ఉన్న ఇంట్లో ఎవరైనా స్నానానికి వెళ్ళగానే ఆ రెండో అంకె 20,000 దాకా ఎగరటం చూడవచ్చు.