కంటిలో స్టెరాయిడ్ సూది – ఆ తర్వాతి జాగ్రత్త



చక్కెర వ్యాధి ముదిరితే కంటి వెనక ఉండే రెటీనా పొర నీరు పట్టి వాస్తుంది. చూపు మసకబారుతుంది. ఆ వాపు తగ్గడానికి కొందరికి డాక్టర్లు ట్రయామ్సినలోన్ వంటి స్టెరాయిడ్ మందును సూదితో కంటి లోపలికి ఎక్కిస్తారు. మందు మంచిదే. కానీ అరుదుగా, సూది వెంట రెప్పల మీది సూక్ష్మజీవులు లోపలికి పోయి చీము పట్టిస్తాయి. అప్పుడు కొద్ది రోజుల్లోనే చూపు పోవచ్చు.

ఇక్కడ ఒక చిక్కుంది. స్టెరాయిడ్ వాపునూ నొప్పినీ అణచిపెడుతుంది. లోపల చీము పడుతున్నా నొప్పి అంతగా తెలియకపోవచ్చు. కనుక 'నొప్పి లేదు కదా, టమాటా మార్కెట్ పని అయినాక పోదాం' అనుకోకండి. సూది వేసిన చోట చిన్న ఎర్రమచ్చ, కంటి ముందు నల్లచుక్కలు ఆడడం మామూలే. చూపు తగ్గుతూ వచ్చినా, ఎరుపు పెరిగినా, వెలుతురు చూడలేకపోయినా ఆ రోజే సూది వేసిన డాక్టరు దగ్గరకు వెళ్ళండి.

ఒక్కోసారి మందు పొడే కంటి ముందు భాగానికి వచ్చి తెల్లగా చీములా కనిపిస్తుంది. ఏది మందో, ఏది చీమో తేల్చవలసింది డాక్టరే. చీమైతే యాంటీబయాటిక్ మందును కంటి లోపలికే ఎక్కించాలి. అంగట్లో కొన్న చుక్కల మందు చాలదు.

సూదికి ముందు వేసే పోవిడోన్ అయోడిన్ చుక్కలు మండుతాయి, ఓర్చుకోండి. అవే సూక్ష్మజీవులను చంపేవి. సూది వేసేటప్పుడు మాట్లాడకండి. ఇంటికి వచ్చాక కన్ను నలపకండి. బెంగళూరు దూరమని ఒక్క రోజు ఆగితే, పోయిన చూపు తిరిగి రాకపోవచ్చు.