గీత దాటిన బంతి

పచ్చని మైదానంపై గీసిన తెల్లని గీతలు చూపరులకు కేవలం హద్దులుగా తోచవచ్చు. కాని ఆటలోని న్యాయాన్యాయాలు వాటిపైననే ఆధారపడి ఉంటాయి. ‘ఫుట్‌బాల్’ అనే ఒకే పేరుతో పిలిచే రెండు ఆటలు గీతకు వేర్వేరు అర్థాలు చెప్పడం విశేషం.

లోకమంతటా ఆడే ఫుట్‌బాల్‌లో, అనగా సాకర్‌లో, గీత తాను చుట్టిన ప్రదేశంలో భాగమే. దాని వెడల్పు 12 సెంటీమీటర్లకు మించరాదు. బంతి ఆ గీతను పూర్తిగా దాటితేనే బయటికి పోయినట్లు. వెంట్రుకవాసి భాగం గీతపై మిగిలినా ఆట సాగవలసిందే. గోల్‌కు సైతం ఇదే నియమం. పెనాల్టీ ప్రాంతం అంచున విల్లువలె వంగిన గీత మాత్రం ఆ ప్రాంతానికి చెందదు. పెనాల్టీ చుక్కకు 9.15 మీటర్ల దూరంలో మిగిలిన ఆటగాళ్లను నిలిపి ఉంచడమే దాని పని.

ఈ నియమం చెప్పడానికి సులభమే గాని, పరుగెత్తే బంతిని చూసి తీర్పు చెప్పడం కష్టం. 1966లో లండన్‌లోని వెంబ్లీ మైదానంలో ఇంగ్లండ్, పశ్చిమ జర్మనీల మధ్య ప్రపంచ కప్ తుది పోటీ జరిగింది. 2-2తో సమంగా ఉన్న అదనపు సమయంలో జెఫ్ హర్‌స్ట్ కొట్టిన బంతి అడ్డపట్టీకి తగిలి, గీత దగ్గర నేలను తాకి పైకి లేచింది. రిఫరీ లైన్స్‌మన్‌ను సంప్రదించి గోల్ ప్రకటించాడు. ఇంగ్లండ్ 4-2తో గెలిచింది. వివాదం మాత్రం ముగియలేదు. 2010లో దక్షిణాఫ్రికాలో అదే జట్ల నడుమ కథ తలక్రిందులైంది. ఫ్రాంక్ లాంపార్డ్ కొట్టిన బంతి స్పష్టంగా గీత దాటినా గోల్ దక్కలేదు. రెండేళ్లకు, 2012లో, గోల్ గీతను యంత్రంతో పరిశీలించడానికి నియమావళి అనుమతించింది. 2014 ప్రపంచ కప్‌లో ఆ విధానం అమలైంది.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో గీతలు హద్దులే కాక కొలబద్దలు కూడా. రెండు గోల్ గీతల నడుమ 100 గజాల మైదానంలో ప్రతి 5 గజాలకు ఒక అడ్డగీత ఉంటుంది. నాలుగు ప్రయత్నాలలో 10 గజాలు ముందుకు సాగలేని జట్టు బంతిని కోల్పోతుంది. ఇక్కడ పక్కగీత మైదానంలో భాగం కాదు. బంతి పట్టినవాడి కాలు దానిని తాకితే చాలు, బయటికి పోయినట్లే. గోల్ గీత విషయంలో మాత్రం ఉదారత కనిపిస్తుంది. గీతపై ఒక అదృశ్యమైన గోడ ఉన్నట్లు భావిస్తారు. ఆటగాని చేతిలోని బంతి కొన ఆ గోడను తాకినా 6 పాయింట్లు లభిస్తాయి.

2000 జనవరిలో అట్లాంటాలో జరిగిన సూపర్ బౌల్‌లో టెనెసీ జట్టు 7 పాయింట్లు వెనుకబడి ఉంది. ఆ 6 పాయింట్లు, వాటిపై అదనపు కిక్‌తో ఒకటి వస్తే సమమయ్యేది. చివరి ఆటలో బంతి అందుకొన్న కెవిన్ డైసన్‌ను సెయింట్ లూయిస్ ఆటగాడు మైక్ జోన్స్ పట్టి పడవేశాడు. డైసన్ పడుతూనే చేయి చాచాడు. బంతి గోల్ గీతకు సుమారు ఒక గజం ఇవతల ఆగిపోయింది.