సరమ సంతానం

ఎంత చెప్పినా మారని మనిషి కనిపిస్తే చాలు, మనకు కుక్క తోక గుర్తొస్తుంది. జీవశాస్త్రం వైపు నుంచి చూస్తే ఆ వంకర మీద అంత చిన్నచూపు అక్కర్లేదు. కుక్క పుట్టింది తోడేలు వంశంలో. తోడేలు తోక చుట్ట తిరగదు, కిందికి వేలాడుతుంది. తోక పైకి మెలి తిరగడం, చెవులు వాలడం, ఒంటి మీద తెల్ల మచ్చలు పడటం మనిషికి మచ్చికైన జంతువుల్లో తరచుగా కనిపించే మార్పులు.

1959లో సోవియట్ జన్యుశాస్త్రవేత్త ద్మిత్రీ బెల్యాయెవ్, ఆయన సహ పరిశోధకురాలు ల్యుద్మిలా త్రూత్ సైబీరియాలోని నోవోసిబిర్స్క్‌లో ఒక ప్రయోగం చేపట్టారు. బొచ్చు కోసం బోనుల్లో పెంచే వెండి నక్కల్లో మనిషిని చూసి తక్కువ బెదిరేవాటిని ఏరి, వాటినే జతకట్టించారు. రంగును గానీ రూపాన్ని గానీ చూడలేదు, స్వభావమొక్కటే చూశారు. కొన్ని తరాలకే మనిషి అలికిడికి తోక ఊపే పిల్లలు పుట్టాయి. కొన్నిటికి చెవులు వాలాయి, కొన్నిటికి తోకలు మెలి తిరిగాయి. ఆ నక్కల పూర్వీకులు కెనడా ఫారాల నుంచి వచ్చినవనీ, ఈ లక్షణాల్లో కొన్ని వాటికి ముందే ఉన్నాయనీ 2019లో కొందరు పరిశోధకులు అభ్యంతరం చెప్పారు. అందులో బలముంది కాబట్టి తోక వంకరకూ సాధుగుణానికీ మూలం ఒకటేనని తేల్చి చెప్పలేం. అయితే భయం తక్కువున్నవాటిని ఏరుతూ పోతే కొద్ది తరాల్లోనే జంతువు మనిషిని వెతుక్కుంటూ వస్తుందన్నది మాత్రం ఆ ప్రయోగంలో కళ్లారా కనిపించింది.

తోడేలు కుక్కగా మారేటప్పుడు ఇలా పనిగట్టుకుని ఏరినవాళ్లు లేరు. మనుషుల విడిదుల చుట్టూ తిరిగి ఎముకలూ మిగులూ తిన్న తోడేళ్లలో బెదురు తక్కువున్నవే ఎక్కువ కాలం బతికి ఉంటాయన్నది ఒక బలమైన ఊహ. అది ఎక్కడ జరిగిందన్న దాని మీద వాదనలు ఇంకా సాగుతున్నాయి. కాలం గురించి మాత్రం కొంత ధైర్యంగా చెప్పవచ్చు. మనిషి విత్తనం నాటకముందే, ఆవునూ మేకనూ కట్టేయకముందే కుక్క అతని పక్కన ఉంది.

జర్మనీలో బాన్ నగరం పక్కనున్న ఒబెర్‌కాసెల్‌లో 1914లో రాతి క్వారీ కూలీలకు ఒక పాత సమాధి బయటపడింది. అందులో ఒక పురుషుడు, ఒక స్త్రీ, వారితో పాటు ఒక కుక్కపిల్ల ఎముకలు ఉన్నాయి. అవి సుమారు 14 వేల ఏళ్ల నాటివి. 2018లో లూక్ జాన్సెన్స్ అనే పశువైద్యుడూ, ఆయన బృందమూ ఆ కుక్కపిల్ల పళ్లను పరీక్షించారు. పంటి ఎనామిల్ మీద అడ్డంగా లోపపు గీతలు కనిపించాయి. పెరిగే వయసులో ఒళ్లు తీవ్రంగా జబ్బుపడితే ఎనామిల్ ఏర్పడటం కుంటుపడి అలాంటి గీతలు మిగులుతాయి. ఆ గుర్తుల్ని బట్టి పిల్లకు ఐదో నెలలో డిస్టెంపర్ సోకిందనీ, జబ్బు తగ్గుతూ మళ్లీ తిరగబెడుతూ సాగిందనీ, ఏడో నెలలో అది చనిపోయిందనీ వారు అంచనా వేశారు. డిస్టెంపర్ పట్టిన పిల్లకు వాంతులు, విరేచనాలు, జ్వరం, ఫిట్లు వస్తాయి. ఎవరూ పట్టించుకోకపోతే మూడు వారాల్లోపే ప్రాణం పోయేది. అన్ని వారాలు బతికిందంటే ఎవరో దాని ఒళ్లు తుడిచి, వెచ్చగా పడుకోబెట్టి, నీళ్లు తాగించి ఉండాలి. వేటకు గానీ కాపలాకు గానీ పనికిరాని జబ్బు పిల్ల అది. వేట దొరికితేనే తిండి దొరికే మనుషులు దాన్ని సాకారు, చివరికి తమవారితో కలిపి పూడ్చారు. కుక్కతో మన సంబంధానికి అవసరమే పునాది అని వాదించేవారికి ఆ పంటి గీతల్ని చూపించాలనిపిస్తుంది.

తర్వాత మనిషి తిండి మారింది, కుక్క కడుపూ మారింది. స్వీడన్‌లోని ఉప్సలా యూనివర్సిటీకి చెందిన ఎరిక్ అక్సెల్సన్ బృందం 2013లో కుక్కల జన్యువుల్ని తోడేళ్ల జన్యువులతో పోల్చింది. పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ ఎంజైమ్ జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉంటే, కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉన్నాయి. మన పెరట్లో గంజీ మజ్జిగన్నమూ తిని కుక్క నిక్షేపంగా బతకగలగడానికి ఇదొక ముఖ్య కారణం.

ముఖంలో వచ్చిన మార్పు ఇంకా ఆశ్చర్యకరం. కుక్క మన వైపు తలెత్తి చూస్తూ కనుబొమల లోపలి కొసలు పైకి లేపుతుంది. అప్పుడు దాని కళ్లు పెద్దవై, ఏదో అడగబోతున్న పసిపిల్లల కళ్లలా ఉంటాయి. ఆ కొసను ఎత్తే చిన్న కండరం కుక్కల్లో స్పష్టంగా ఉందనీ, తోడేళ్లలో ఆ చోట కొన్ని పోగులే ఉన్నాయనీ యూలియానే కమిన్‌స్కీ, ఆన్ బరోస్ బృందం 2019లో శవపరీక్షల ద్వారా చూపింది. మన వైపు అలా చూడగలిగిన కుక్కల్ని మనిషి తెలియకుండానే ఎక్కువగా చేరదీశాడన్నది వారి వాదన.

ఆ చూపు మన రక్తంలోనూ పనిచేస్తుంది. జపాన్‌లోని అజాబు యూనివర్సిటీ పరిశోధకులు 2015లో కుక్కల్నీ వాటి యజమానుల్నీ ఒక గదిలో కాసేపు కలిపి ఉంచి, ముందూ తర్వాతా మూత్రంలో ఆక్సిటోసిన్ కొలిచారు. ఒకరి కళ్లలోకి ఒకరు ఎక్కువసేపు చూసుకున్న జంటల్లో ఇద్దరికీ ఆ హార్మోన్ పెరిగింది. మనుషులు పెంచిన తోడేళ్లతో అలా జరగలేదు. తల్లి పాలిచ్చేటప్పుడు, బిడ్డను చూసుకునేటప్పుడు ఊరే హార్మోనే ఇది. కుక్క ప్రేమ ఒట్టి రసాయనమేనని దీన్ని చూపి తేల్చేసేవారున్నారు. తల్లి ప్రేమ కూడా అదే రసాయనం మీదుగా నడుస్తుంది. దాన్ని బూటకమని ఎవరూ అనరు కదా!

ఇంత దగ్గరగా మెలిగిన జంతువు పురాణాల్లోకి రాకుండా ఎలా ఉంటుంది? ఋగ్వేదంలో యముడి కుక్కలు రెండూ నాలుగు కళ్లవి. పార్సీల ప్రాచీన గ్రంథం వెందిదాద్‌లో శవం దగ్గరికి తీసుకురావలసిన కుక్కకూ నాలుగు కళ్లే. ఇది కేవలం కల్పన అనుకోనక్కర్లేదు. నల్ల కుక్కల్లో కొన్నిటికి కళ్ల పైన చెరో గోధుమరంగు చుక్క ఉంటుంది, కాస్త దూరం నుంచి చూస్తే మరో జత కళ్లనిపిస్తుంది. మన వీధుల్లోనూ అలాంటివి కనిపిస్తాయి. ఆ చుక్కల్నే కళ్లన్నారని చాలామంది పండితుల అభిప్రాయం. చీకట్లో మనిషికి వినిపించనిది విని మొరిగే జంతువును చావు పొలిమేర కాపలాకు పెట్టడం సహజంగానే తోస్తుంది. కాలభైరవుడి వాహనం కుక్క. దత్తాత్రేయుడి కాళ్ల దగ్గరున్న నాలుగు కుక్కలు నాలుగు వేదాలంటారు.

కర్ణాటకలోని మండ్య ప్రాంతంలో ఆతకూరు శాసనం దొరికింది. అది 949–50 నాటి వీరగల్లు. రాష్ట్రకూట రాజు మూడో కృష్ణుడి పక్షాన పోరాడిన గంగరాజు బూతుగుడు తన యోధుడు మణలేరను ఏం కావాలో కోరుకోమంటే, అతను కాళి అనే వేటకుక్కను అడిగాడు. తర్వాత ఒక అడవిపందితో తలపడి కాళి చచ్చిపోయింది, పందీ చచ్చింది. యుద్ధంలో నేలకొరిగిన వీరుడికి నిలిపినట్టే ఆ కుక్కకు రాయి నిలిపి, పూజకు నేల కూడా రాసిచ్చారు.

వీటన్నిటికన్నా నన్ను పట్టి నిలిపేది సరమ కథ. మహాభారతం చివర స్వర్గం గుమ్మం దగ్గర ధర్మరాజు కుక్కను వదలనన్నాడని అందరికీ తెలుసు. ఆదిపర్వం మొదట్లోనూ కుక్కే ఉందని అంతమందికి తెలియదు. నన్నయ తెలుగులోనూ ఆ కథ ఉంది. జనమేజయుడు యాగం చేస్తుంటే సరమ అనే దేవశునకం కొడుకు అక్కడ ఆడుకోవడానికి వెళుతుంది. రాజు తమ్ముళ్లు దాన్ని కొడతారు. అది ఏడుస్తూ తల్లి దగ్గరికి పోతుంది. సరమ నేరుగా రాజు ముందుకొచ్చి, ఏ తప్పూ చేయని నా బిడ్డను ఎందుకు కొట్టారని అడుగుతుంది. అక్కడ జవాబు చెప్పేవారుండరు. అనుకోని భయం మీ మీదికి వస్తుందని చెప్పి ఆమె వెళ్లిపోతుంది. తెలుగు కావ్యానికి తొలి పుటల్లోనే ఒక తల్లి కుక్క రాజును న్యాయం అడిగింది.

ఆ ప్రశ్న ఇప్పటికీ పాతబడలేదు. కోల్‌కతాలోని ఐసర్ అనే విజ్ఞానశాస్త్ర సంస్థలో అనిందితా భద్ర నడిపే పరిశోధనశాల వీధికుక్కల్ని వాటి వీధుల్లోనే గమనిస్తోంది. 2016లో ఆ బృందం ప్రచురించిన లెక్క ప్రకారం, వారు గమనించిన 364 పిల్లల్లో ఏడు నెలల వయసు దాకా బతికినవి 19 శాతమే. చావుల్లో 63 శాతం వెనక వాహనాలో, కొట్టడమో, విషమో, ఇంకేదో రూపంలో మనుషుల ప్రమేయం ఉంది. అయినా తల్లి కుక్కలు ఎక్కువగా మనుషుల అలికిడి ఉన్నచోటే పిల్లలు పెట్టుకుంటున్నాయని అదే ఏడాది మరో అధ్యయనంలో వెల్లడించారు.

వీధికుక్కకు శిక్షణ ఎవరూ ఇవ్వరు. అయినా ఆ బృందమే చేసిన ఒక ప్రయోగంలో, మూతపెట్టిన రెండు గిన్నెల్లో ఒకదాన్ని మనిషి వేలితో చూపిస్తే, దగ్గరికొచ్చిన కుక్కల్లో సుమారు 80 శాతం చూపిన గిన్నె దగ్గరికే వెళ్లాయి. మరో ప్రయోగంలో కొన్ని కుక్కలకు కొత్త మనుషులు అదనంగా తిండి పెట్టారు, కొన్నిటిని తల నిమిరారు. రోజులు గడిచేకొద్దీ తిండి పెట్టినవారికన్నా నిమిరినవారినే అవి ఎక్కువగా నమ్మాయి. ఆకలితో తిరిగే జంతువు స్పర్శకు ఎక్కువ విలువిచ్చిందన్న ఈ ఫలితం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

ఇదంతా చెప్పి భయాన్ని దాచకూడదు. 2023లో హైదరాబాద్‌లో వీధికుక్కల దాడిలో ఒక పసివాడు ప్రాణం కోల్పోయాడు. మనుషులకు వచ్చే రేబిస్‌లో 99 శాతం దాకా కుక్కల ద్వారానే సోకుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కుక్క కరిచినా, గీరినా గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడగాలి. పసరు మందు, సున్నం, కారం వంటివేవీ పెట్టకూడదు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టాలి. లక్షణాలు కనిపించాక రేబిస్‌ను నయం చేయడం దాదాపు అసాధ్యం.

జబ్బును మొదట్లోనే ఆపే దారి కుక్కల టీకాలు. ఒక ప్రాంతంలో 70 శాతం కుక్కలకు టీకా వేస్తే వ్యాప్తి గొలుసు తెగుతుంది. ప్రతి కుక్కనూ వలవేసి పట్టాలంటే బృందాలకు రోజులు పడుతుంది, ఒకసారి వల చూసిన కుక్క మరుసటి ఏడు దగ్గరికి కూడా రాదు. చేతి స్పర్శకు అలవాటైన కుక్కకు మాత్రం నిలబెట్టే సూది వేయవచ్చు. వీధిలో రోజూ అన్నం పెట్టేవాళ్లు టీకా బండి వచ్చిన పూట ఓ గంట బయటికొచ్చి, తమను నమ్మిన కుక్కల్ని పిలిచి పట్టుకుంటే, ఆ వీధి వరకు పని ఒక్క పూటలో అయిపోతుంది.