నుదుటి పట్టీ – మెదడు గీతలు

మనిషి మెదడులోని విద్యుత్తును తలపై నుండి మొదట నమోదు చేసినవాడు జర్మనీ వైద్యుడు హాన్స్ బెర్గర్. 1924లో సాధించి, 1929లో లోకానికి వెల్లడించాడు. ఆనాడు ప్రయోగశాలలో జరిగిన ఆ పని ఇప్పుడు నుదుటి పట్టీగా ఇంటికే వచ్చింది. ధ్యానం చేసేవారు కొనే మ్యూజ్ పట్టీ అటువంటిదే.

ఒక వోల్టును పది లక్షల భాగాలు చేస్తే, చర్మం మీదికి వచ్చే ఈ విద్యుత్తు అందులో కొన్ని పదుల భాగాలు మాత్రమే. విభూతి, కుంకుమ, తలనూనె అడ్డుపడితే పట్టీకి అందదు. కనుక ముందుగా నుదురు కడిగి తుడుచుకోవలె. చెవుల వెనుక వెంట్రుకలు తప్పించి, పట్టీ చర్మానికి ఆనునట్లు సర్దవలె. చర్మం పొడిగా ఉంటే తడివేలితో అద్దితే చాలును.

ఫోనుతో కలవకున్నచో ఛార్జి చూచి, బ్లూటూత్ ఒకసారి ఆపి తెరవండి. ఇంట్లో మరొక ఫోను దానిని ముందే పట్టుకొని ఉండవచ్చును. గీతలు ఎగిరిపడితే రెప్పలు కొట్టడమో, పళ్లు బిగించడమో కారణం. ఛార్జరు తీగలకు దూరంగా కూర్చోండి.

పట్టీ సరిగా కుదిరినదా? కళ్లు మూసి ఊరక కూర్చోండి. సెకనుకు 8 నుండి 13 మార్లు ఊగే ఆల్ఫా తరంగం చాలామందిలో హెచ్చి, కళ్లు తెరవగానే తగ్గును.

అయితే ఒక్క మాట. మూర్ఛ ఉన్న బిడ్డకు గీతలు బాగున్నవని మాత్రలు మానిపించకండి. ఆసుపత్రిలో తలంతా ఇరవై చోట్లకు పైగా చూస్తారు. ఈ పట్టీ చూచేది నాలుగు చోట్లే. మందు సంగతి వైద్యునికే వదలండి.